ఒక్కడి కొలతకు తుపాకీ

ఆ ఎండాకాలం మా తుపాకీ గొంతు కాలిపోయింది.

గొంతు అంటే గొట్టం లోపల తూటా బయల్దేరే చోటు. నాలుగైదు వేల తూటాలు పేలాక అక్కడి ఉక్కు నెర్రెలు విచ్చుతుంది, ఆ తర్వాత తూటా ఎటు పోవాలో దాని ఇష్టం. అంతకుముందు ఏడాది ఆరువందల మీటర్ల దూరంలో భోజనం పళ్ళెమంత వలయంలోకి పదికి పది పంపిన తుపాకీ, ఆ ఏడాది అదే దూరంలో తలుపంత మేర చల్లడం మొదలుపెట్టింది. నేను కళ్ళజోడు మార్చాను. ఊపిరి బిగబట్టే తీరు మార్చాను. రెండేళ్ళ కిందట సైకిలు మీంచి పడి విరగ్గొట్టుకున్న భుజాన్ని నోరారా తిట్టుకున్నాను. మూడు ఆదివారాలు ఈ తంతు చూసి చూసి, అక్క టెలిస్కోప్‌కి మూత బిగించింది.

"నీ తప్పేం లేదురా. అది ముసలిదైపోయింది. ఇంక కొత్తది చూసుకోవాల్సిందే," అంది.

మా ఇంట్లో మేమిద్దరమే. అక్కకి యాభై ఒకటి, నాకు నలభై నాలుగు. ఆమెకి వీధి మలుపులో లాండ్రీ ఉండేది. నేను పళ్ళ డాక్టర్లకి కట్టుడుపళ్ళు చేసి ఇస్తాను. ఊళ్ళోవాళ్ళ ఒంటిమీద తెల్లబట్ట తన చలవ, నోట్లో పన్ను నా చలవ, మనం లేకపోతే వీళ్ళు గడప దాటగలరా అని అక్క వేళాకోళం. నాకు పెళ్ళి కాలేదు. ఎందుకు కాలేదో చెప్పడానికి పెద్ద కథేం లేదు, ఎవరూ గట్టిగా అడగలేదు, అంతే. అక్కకి ఎందుకు కాలేదో నేనెప్పుడూ అడగలేదు. అది అడగాల్సిన మాట అని కూడా నాకు తోచలేదు.

వారమంతా ఆమె ఆవిరిలో, నేను ప్లాస్టర్ పొడిలో. ఆదివారం మాత్రం ఇద్దరం ఊరి చివర క్లబ్బుకి వెళ్ళేవాళ్ళం. ఒకప్పుడు ఇటుకలకి మన్ను తవ్విన పెద్ద గొయ్యి అది. ఈ చివర మేం పడుకునే చాపలు, ఆ చివర మట్టికట్ట, దాని ముందు గుంతలో గురిబల్లల్ని ఎత్తి దించే మనిషి, నడుమ వందేసి మీటర్లకొక జెండా. మా పోటీని జంట పోటీ అంటారు. ఒకరు బోర్లా పడుకుని కాలుస్తారు, ఇంకొకరు వెనక కూర్చుని టెలిస్కోప్‌లోంచి గాలి చెప్తారు. ఆరువందల మీటర్లు పోవడానికి తూటాకి దాదాపు ఒక సెకను పడుతుంది. ఆ సెకనులో గాలి దాన్ని ఎంత పక్కకి నెడుతుందో ముందే తెలియాలి, తుపాకీ టెలిస్కోప్‌లోని గీతల లెక్కన గురిని అంత ఇవతలికి జరపాలి. అది అక్క పని. ఇరవై ఏళ్ళుగా డాబా మీద దుప్పట్లు ఆరేస్తున్న మనిషి కదా, గాలి తన దగ్గర జీతానికి ఉన్నట్టు మాట్లాడేది.

"రెండు ఎడమకి. ఆగు. ఆగమన్నానా! ఆ... ఇప్పుడు."

నేను ట్రిగ్గర్ నొక్కేవాణ్ణి. పద్దెనిమిదేళ్ళు ఆమె చెప్పిన చోటికే కాల్చాను. కప్పుల మీద ఇద్దరి పేర్లూ చెక్కేవాళ్ళు గాని, బుర్ర ఆమెది, వేలు నాది. అందులో నాకు ఏ లోటూ కనిపించలేదు.

కొత్త తుపాకీ అనుకున్నాక రెండు వారాలు భోజనాల బల్ల మీద కేటలాగులే. పళ్ళేలు ఒళ్ళో పెట్టుకుని తిన్నాం. అటు తిప్పి ఇటు తిప్పి సంగతి రెండు తూటాల దగ్గర ఆగింది. ఒకటి పాతదాని లాంటి ఏడు పాయింట్ అరవై రెండు మిల్లీమీటర్లది. రెండోది ఈ మధ్య అందరూ మోజుపడుతున్న ఆరున్నర. మేం పెద్దది, చిన్నది అనేవాళ్ళం. నేను పెద్దదాని పక్షం. అలవాటైన తూటా, ఎక్కడైనా దొరుకుతుంది, గొట్టం ఐదువేలదాకా ఆగుతుంది. చిన్నది అందులో సగానికే గొంతు కాల్చుకుంటుంది.

అక్క చిన్నదే కావాలని పట్టుబట్టింది. నాకది వింతగా తోచింది. ఒక్కరే కాల్చే పోటీల్లో పెద్ద తూటాతో ఏకధాటిగా మూడేళ్ళు కప్పు గెలిచిన మనిషి ఆమె. నాకంటే బాగా కాల్చేది. తుపాకీ తన్నిన ప్రతిసారీ పెదవి కొరుక్కుని నవ్వుకునేది.

"దీని తూటా సన్నగా పొడుగ్గా ఉంటుందిరా. గాలిని కోసుకుపోతుంది. పెద్దది రెండు మూరలు పక్కకి జరిగే గాలికి ఇది మూరన్నర కూడా జరగదు. గాలి కాస్త తప్పు అంచనా వేసినా పళ్ళెంలోనే పడుతుంది."

"నువ్వెందుకు తప్పు అంచనా వేస్తావు?"

అక్క కేటలాగు రెండు పేజీలు తిప్పింది. "నీ భుజం సంగతి ఆలోచించు. పెద్దది తంతే రెండ్రోజులు గిన్నె ఎత్తలేవు. వారం వారం చూస్తున్నాగా."

నా భుజం కోసమే ఇదంతా అని నా బుర్రలో పడిపోయింది. నా బుర్రలో ఏదైనా పడిందంటే పళ్ళు పీకే పట్కారుతో లాగినా రాదు.

తుపాకులు కట్టే మేస్త్రి దుకాణం రైల్వే గోడ వెనకాల ఉంది. ఆయన ముప్పై ఏళ్ళు తుపాకుల మధ్య బతికి సగం చెవులు పోగొట్టుకున్నాడు. అందుకని లోకమంతా గట్టిగా మాట్లాడితే బాగుండునన్నట్టు తానే అరుస్తూ మాట్లాడతాడు. గదంతా నూనె వాసన. మూలన ఇంకా తూటా గూడు కొయ్యని గొట్టాలు నిలబెట్టి ఉన్నాయి. అక్క వాటిలో ఆరున్నరది చేత్తో తాకి చూపించింది.

"ఇది. ఇరవై ఆరు అంగుళాలు ఉంచండి. తుపాకీ మీది టెలిస్కోప్ పాతదే బిగించండి."

మేస్త్రి నా చెయ్యి మడిపించి మోచేతి నుంచి వేలిదాకా కొలిచాడు. తుపాకీ మడమ, అంటే భుజానికి ఆనించే చెక్క, ఎంత పొడుగుండాలో ఆ కొలతే చెప్తుంది. పొడుగు తప్పితే మెడ పట్టేస్తుంది, గురి నిలవదు. మా పాత తుపాకీ మడమ అక్క చేతికి సరిపడా ఉండేది. నేను కాల్చేటప్పుడు రెండు రబ్బరు పలకలు మడమ వెనక బిగించేవాళ్ళం, ఆమె కాల్చేటప్పుడు విప్పేవాళ్ళం.

"నువ్వు రామ్మా, నీ చెయ్యి కూడా కొలుస్తాను," అని అరిచాడు మేస్త్రి.

"అక్కర్లేదు. వాడి కొలత చాలు."

"పలకలో?"

"పలకలూ వద్దు. వాడికి సరిపోయేట్టు ఒకే చెక్క కోసెయ్యండి. నేనీ మధ్య కాల్చేదెక్కడ?"

ఆమె గొంతు మామూలుగానే ఉంది. నాకే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెద్దదాన్ని వదులుకుంది, ఇప్పుడు కాల్చడమే వదులుకుంటోంది, అంతా ఈ వెధవ భుజం కోసం అనుకున్నాను. దారంతా ఆమె లాండ్రీ ఇస్త్రీ యంత్రం మొరాయించడం గురించి చెప్తూనే ఉంది. నేను ఒక్క ముక్క వినలేదు. మనసులో నా పథకం నేను వేసుకుంటున్నాను.

నాలుగోరోజు ఒక్కణ్ణే మేస్త్రి దగ్గరికి వెళ్ళాను. చిన్న గొట్టం ఇంకా మూలనే ఉంది. పని మొదలుపెట్టలేదు.

"పెద్దదే వెయ్యండి. మడమ అక్క కొలతకి కొయ్యండి. నాకు పలకలు చాలు. ఆమె కొలత పాతదాని మీద ఉందిగా."

మేస్త్రి కళ్ళజోడు నుదుటి మీదికి తోశాడు. "గూడు కోశాక మళ్ళీ మార్చలేను. మీ అక్కకి చెప్పావా?"

"చెప్పకూడదు. చూసి ఆశ్చర్యపోవాలి."

"ఆశ్చర్యపోయేవాళ్ళలో మీ అక్క ఉందని నాకు తెలీదే," అన్నాడు. కానీ పెద్ద గొట్టం కోసం చెయ్యి చాచాడు.

నెల తిరక్కుండానే తుపాకీ సిద్ధమైంది. ఆ నెలరోజులూ నేను నవ్వు ఆపుకోలేక చచ్చాను. కట్టుడుపళ్ళ మైనం అచ్చు మీద పని చేస్తూ కూడా నాలో నేనే ముసిముసిగా నవ్వుకునేవాణ్ణి. తీసుకునే రోజు అక్క లాండ్రీ తలుపు మూసి, చేతులు తుడుచుకుంటూ నాతో వచ్చింది. మేస్త్రి తుపాకీని గుడ్డలోంచి తీసి బల్ల మీద పెట్టి, నావైపు ఒకసారి చూసి, ఏదో వెతుక్కునేవాడిలా వెనక్కి తిరిగాడు.

అక్క గొట్టం మీద చెక్కిన అంకె చదివింది. వేలితో తడిమి మళ్ళీ చదివింది.

"ఇది నేను చెప్పింది కాదు."

"భుజానికి ఆనించి చూడక్కా," అన్నాను.

ఆనించింది. చెంప చెక్క మీద వాలింది, కన్ను టెలిస్కోప్ వెనక సరిగ్గా కుదిరింది. ఆమె చెయ్యికి తప్ప ఇంకెవరి చెయ్యికీ అంత అతకదు. తర్వాత దించి, గుడ్డ మీద పెట్టి, గుడ్డ అంచులు జాగ్రత్తగా మడిచింది.

"బాగుంది," అంది.

ఉబ్బితబ్బిబ్బయిందనుకున్నాను. ఎంత మంచి తమ్ముణ్ణి నేను అనుకుని, ఆ పూట కులాసాగా నిద్రపోయాను.

ఆ ఆదివారం క్లబ్బులో పొద్దుటి ఎండ అప్పుడే ఎక్కుతోంది. పలకలు బిగించుకుని పడుకున్నాను. అక్క వెనక కూర్చుని ఎప్పటిలాగే చెప్పింది. ఒకటిన్నర ఎడమకి. అలాగే ఉండు. గాలి పడుతోంది, ఒకటి తగ్గించు. ఇప్పుడు. పది తూటాలకి తొంభై ఎనిమిది వచ్చాయి. భుజం నొప్పి పెడుతోంది, అయినా నేను చిన్నపిల్లాడిలా వెల్లకిలా తిరిగాను.

"చూశావా? నువ్వూ నేనూ ఇదీ. ఇంకో పదేళ్ళు మనకి తిరుగులేదు!"

అక్క టెలిస్కోప్ కాళ్ళు మడుస్తోంది. "నేను వానలు ముదిరేలోపే వెళ్ళిపోతున్నానురా."

"ఎక్కడికి?"

"దుప్పట్లాయన దగ్గరికి."

దుప్పట్లాయన అంటే రైల్లో మూడు గంటల దూరాన ఒక చెరువు ఒడ్డున లాడ్జి నడిపే మనిషి. రెండేళ్ళుగా ప్రతి గురువారం ఆయన దగ్గర్నించి మాసిన దుప్పట్లు వచ్చేవి, శనివారం ఉతికినవి వెళ్ళేవి. నాకు తెలిసినంతవరకు ఆయనొక మాసిన దుప్పట్ల మూట. ఆ మూటల్లో ఉత్తరాలు కూడా వస్తాయని, పోతాయని నాకేం తెలుసు?

"పెళ్ళా?"

"రిజిస్టరాఫీసులో సంతకాలు పెడతాం. అంతే. నవ్వకు."

నేను నవ్వలేదు. "నాకెందుకు చెప్పలేదు?"

"ఎలా చెప్పను? ముందు నీకో తుపాకీ కుదిర్చి, అప్పుడు చెబుదామనుకున్నాను. వెనక ఎవరూ లేకపోయినా నీ అంతట నువ్వు కాల్చుకునేది. గాలి విషయంలో నువ్వు పొరబడినా సర్దుకుపోయేది. అందుకేగా చిన్నది చిన్నది అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను." అక్క తుపాకీ వైపు చూసి నవ్వబోయింది. "తీరా నువ్వు నాకో తుపాకీ చేయించావు."

అప్పుడు నేను చాలా మాటలు అనాల్సింది. సంతోషం అక్కా అనాల్సింది. ఆయన ఎలాంటివాడు, ఆ ఊరెలా ఉంటుంది, లాండ్రీ ఏం చేస్తావు అని అడగాల్సింది. నా నోట్లోంచి ఊడిపడింది ఒకటే.

"మరి నాకు గాలి ఎవరు చెప్తారు?"

అక్క ముఖంలో వెలుగు పోయింది. జెండాల వైపు తిరిగింది. "సరే," అంది చివరికి. "వచ్చే సీజన్ దాకా ఆగుతాను. నీకు గాలి నేర్పించే వెళ్తాను. ఆయనకి రాస్తాలే."

నాకు సిగ్గు వెయ్యలేదు. గుండెల మీంచి బరువు దిగింది. చెప్పుకోకూడని సంగతే, అయినా దాచను. ఆ పూట నాకు ఆకలి కూడా బాగా వేసింది.

ఆ తర్వాత నెల రోజులు పాఠాలు. సాయంత్రాలు డాబా మీద తాళ్ళకి తడిబట్టలు వేసి, నన్ను ఎదురుగా నిలబెట్టేది. దిండు గలీబు ఊగితే ఎంత గాలి, దుప్పటి అంచు లేస్తే ఎంత, తువ్వాలు మెలిపడితే ఎంత. ఆదివారాలు టెలిస్కోప్‌లో ఎండ ఆవిరి చూపించేది. మిట్టమధ్యాహ్నం నేల మీంచి నీళ్ళలా లేచి పారే వేడి. గాలి ఎటు వీస్తే అది అటు పారుతుంది, గాలి పడిపోతే నిట్టనిలువుగా ఉడుకుతుంది. జెండాలు అబద్ధమాడినా అది ఆడదట.

"ఎటు పారుతోంది?"

"కుడికి."

"కళ్ళు తెరిచి చూడు."

"ఎడమకా?"

నేర్చుకోకపోవడంలో నా అంత నేర్పరి ఉండడు. కావాలని తప్పు చెప్పానని అనను. కానీ సరిగ్గా చెప్పడానికి ఎప్పుడూ తొందరపడలేదు. అక్క విసుక్కోలేదు. అదే నన్ను తినేసింది. అంతకుముందు ఆగమంటే ఆగనందుకు చెవి మెలిపెట్టే మనిషి, ఇప్పుడు "పర్లేదు, ఇంకా టైముంది" అనేది. ఇంట్లో ఎదురెదురుగా కూర్చుని తినేవాళ్ళం. ఆమె చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉంది, నాకు మాత్రం ఇల్లు ఖాళీ అయిపోయినట్టే ఉండేది. ఇస్త్రీ యంత్రం గురించి, ఎక్కువ రంగు దిగిన చొక్కా గురించి ఆమె చెప్పే మాటలు కూడా ఆగిపోయాయి. ఆమె ఉండిపోయింది గాని, నాకు మిగిలింది మా అక్క కాదు.

ఒక గురువారం దుప్పట్ల మూటతో పాటు దుప్పట్లాయన కూడా వచ్చాడు.

అక్క డాబా మీద ఉంది. లాండ్రీ బల్ల దగ్గర నేనున్నాను. పొడుగ్గా, సన్నగా ఉన్న మనిషి. మూట దింపి, నేనెవరో తెలుసుకుని, కుర్చీ అంచున కూర్చున్నాడు. బల్ల మీదున్న తువ్వాలు చేతిలోకి తీసుకుని మడతపెట్టాడు. విప్పి మళ్ళీ మడతపెట్టాడు.

"మీ అక్కగారు వచ్చే ఏడాది దాకా ఆగమని రాశారండీ," అన్నాడు. "ఆగుతాను. ఆ మాట నేరుగా చెప్పి వెళదామని వచ్చాను. ఉత్తరంలో ఆవిడ బాధపడినట్టు అనిపించింది."

"మీకు ఇబ్బందేం లేదా?"

"పదకొండేళ్ళుగా ఒక్కణ్ణే కదండీ. పన్నెండు గదులూ నిండిపోయి ఉంటాయి, నేను మాత్రం వంటింటి గుమ్మంలో ఒక్కణ్ణే కూర్చుని తింటాను. అలవాటైపోయింది. ఇంకో ఏడాదికేముంది?" తువ్వాలు మూల సరిచేశాడు. తర్వాత ముందుకి వంగి, నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. "గాలి నేర్చుకోవడం అంత కష్టమాండీ?"

ఆయన వెటకారంగా అడిగుంటే ఎంత బాగుండేది! నాలుగు దులిపేవాణ్ణి.

అప్పుడే అక్క మెట్లు దిగింది. మోచేతుల దాకా సబ్బు నురగ, కొంగు నడుముకి బిగించి ఉంది. ఆయన్ని చూసి మెట్టు మీదే ఆగింది. తడిచేత్తో చెంప మీది జుట్టు వెనక్కి తోసుకుంది, నురగ చెవికి అంటుకుంది. ఆమె ముఖం అలా ఉండగలదని నలభై నాలుగేళ్ళలో నాకు తెలియదు. ఆయన లేచి నిలబడ్డాడు. నేను మూట ఎత్తుకుని వెనక గదిలోకి పోయి, లెక్కాపత్రం లేకుండా దుప్పట్లన్నీ నీళ్ళలో ముంచాను.

ఆయన రైలెక్కాక అక్కతో అన్నాను.

"వచ్చే బుధవారం క్లబ్బు ఖాళీగా ఉంటుంది. ఇరవై తూటాలు కాలుస్తాను. నువ్వు వెనక కూర్చుని లెక్క రాయి, గాలి గురించి నోరెత్తకూడదు. రెండువందలకి నూట ఎనభై వస్తే ముందనుకున్న తేదీకే వెళ్ళు. రాకపోతే ఆగు."

అక్క నన్ను ఎగాదిగా చూసింది. "కావాలని చెడగొట్టవు కదా?"

ఆ మాటకి నాకు కోపం రావాలి. రాలేదు. ఆమెకి అన్నీ తెలుసు.

"చెడగొట్టను," అన్నాను.

"మాటేనా?"

"మాటే."

ఆ వారం నిజంగా చదువుకున్నాను. పని మానేసి పొద్దంతా డాబా మీదే ఉన్నాను. దిండు గలీబుల్ని చూసి పైకి చెప్పుకునేవాణ్ణి, తప్పయితే నన్ను నేనే తిట్టుకునేవాణ్ణి. ఎదురింటివాళ్ళు నాకు మతి పోయిందనుకున్నారు. ఇంత తేలిగ్గా వచ్చేదాన్ని పద్దెనిమిదేళ్ళు ఎందుకు నేర్చుకోలేదో అప్పుడు నాకు అర్థమైంది. నేర్చుకుంటే వెనకాల ఎవరూ కూర్చోనక్కర్లేదు. అందుకే.

బుధవారం క్లబ్బులో మేమిద్దరం, గుంతలో విజిల్ బాబాయ్. క్లబ్బు చూసుకునే పెద్దాయన, మెళ్ళో ఎప్పుడూ విజిల్ వేలాడుతుంది కాబట్టి అందరికీ విజిల్ బాబాయే. నేను కాల్చగానే ఆయన గురిబల్ల కిందికి దించి, తూటా తగిలిన చోట తెల్లబిళ్ళ గుచ్చి మళ్ళీ పైకెత్తుతాడు. మాట్లాడుకోవడానికి ఆయన దగ్గరొక రేడియో, మా చాప పక్కన ఒక రేడియో.

మొదటి పది బాగా వెళ్ళాయి. ఎండ ఉంది, ఆవిరి ఎడమ నుంచి కుడికి నింపాదిగా పారుతోంది. రెండు ఎడమకి అని నాకు నేనే గొణుక్కుని కాల్చాను. తొమ్మిది. పది. తొమ్మిది. వెనక పెన్సిలు గీసుకుంటున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. బల్ల మీద తెల్లబిళ్ళ మధ్యకి వచ్చినప్పుడల్లా ఇంట్లో ఒక్కో గది ఖాళీ చేస్తున్నట్టే ఉంది. అయినా మాటంటే మాటే.

పద్నాలుగో తూటా తర్వాత మబ్బు కమ్మింది. ఆ ఏటి మొదటి వానమబ్బు. ఎండ పోవడంతో ఆవిరీ పోయింది. టెలిస్కోప్‌లో నేల చచ్చినట్టు పడుంది, మిగిలింది జెండాలే. అవి దగ్గర ఒకలా, దూరాన ఒకలా ఊగుతున్నాయి. ఏడొకటి పడింది, ఎనిమిదొకటి పడింది. పందొమ్మిది తూటాలయ్యేసరికి నూట డెబ్భై ఒకటి. అక్క చెప్పలేదు, నేనే కూడుకున్నాను. ఆఖరిది తొమ్మిది రావాలి.

చాలాసేపు ఆగాను. భుజం సలుపుతోంది. దూరపు జెండా వాలింది, లేచింది, మళ్ళీ వాలింది. ఒకటిన్నర అనుకున్నాను. నా ప్రాణం పెట్టి గురి చూశాను, ఇది ఎవరి మీద ఒట్టు పెట్టమన్నా పెడతాను. ట్రిగ్గర్ నొక్కిన క్షణానే గాలి పడిపోయింది. చెంప మీద తెలిసింది. అప్పటికే తూటా వెళ్ళిపోయింది.

బల్ల కిందికి దిగింది. పైకి వచ్చింది. నా తుపాకీ టెలిస్కోప్‌లో తెల్లబిళ్ళ స్పష్టంగా కనబడింది. తొమ్మిది గీతకి బయట, రెండు వేళ్ళ ఎడంగా, ఎనిమిదిలో.

ఊపిరి పీల్చుకున్నాను. ఇంకో ఏడాది. నేను చెడగొట్టలేదు, గాలే చెడగొట్టింది. ఇందులో నా తప్పేం లేదు.

"తొమ్మిది," అంది అక్క.

తల తిప్పి చూశాను. ఆమె కన్ను టెలిస్కోప్‌కే ఆనించి ఉంది. ఆ టెలిస్కోప్‌లో ఆరువందల మీటర్ల అవతల ఈగ వాలితే దాని కాళ్ళు లెక్కపెట్టగలదామె. పద్దెనిమిదేళ్ళలో గీతకి ఆవల పడ్డ తూటాకి నాకు ఒక్కటంటే ఒక్క పాయింటు ఎక్కువ వెయ్యలేదు. బతిమాలినా వెయ్యలేదు.

"తొమ్మిదేనా అక్కా?"

"కళ్ళు లేవా నీకు? తొమ్మిదే. నూట ఎనభై." పెన్సిలు కాగితం మీద గట్టిగా కదిలింది. రాసిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

అన్నాళ్ళూ ఆమె ఆగుతానంటే, ఆగగలదనే అనుకున్నాను నేను.

రేడియో గరగరలాడింది. "ఆఖరిది ఎనిమిది," అన్నాడు విజిల్ బాబాయ్. "వినబడిందా? ఎనిమిది. రాసుకున్నారా?"

రేడియో అక్క మోకాలి పక్కనే ఉంది. ఆమె అందుకోలేదు. టెలిస్కోప్ మీంచి ముఖం ఎత్తలేదు. మెడ, చెవులు ఎర్రబడిపోయాయి. మొదటి చినుకులు చాప మీద పడుతున్నాయి.

మోచేతుల మీద వెనక్కి పాకి, రేడియో అందుకుని బొత్తాం నొక్కాను.

"రాసుకున్నాం బాబాయ్. బల్ల దించెయ్," అన్నాను.